కోవిడ్‌లో పోయినోళ్ళు 4.8 లక్షలా, 47 లక్షలా? ఏ లెక్క నమ్మాల?

బురుజుకాడ_బాబు
పోయిన ఆదివారం మంత్రాలయంలో మా అక్క కొడుక్కి పుట్టెంటికలు తీసినాం. అన్నాలయినంక అందరం కూచోని ఉంటే మా మామ ఊరికే కోవిడ్ మాట ఎత్తినాడు. అంతే. మామేమో మన దేశంలో పోయినోళ్ళు 4 లక్షల 80 వేలే, ఇంత జనాభాకి ప్రపంచంలో మనమే మేలు అంటాడు. మా చిన్నాయనేమో 47 లక్షలు, డబ్ల్యూహెచ్‌ఓనే చెప్పింది అంటాడు. ఇద్దరూ ఫోన్లు తీసి ఒకరి మొగానికి ఒకరు స్క్రీన్లు చూపిచ్చుకుంటా అరుచుకున్యారు, ఆడోళ్ళు వచ్చి ఇడిపించాల్సొచ్చింది, మామ ఐస్‌క్రీం కూడా తినకుండా బస్సెక్కి పోయినాడు. నాకు అర్థం కాంది ఒకటే. అదే రోగం, అదే దేశం, అవే రెండేండ్లు. పదింతలు తేడా ఎట్లొస్తాది? ఎవరో ఒకరు అబద్ధం చెప్తాండాల గదా. లెక్క తెలిసినోళ్ళు చెప్పండప్పా. పార్టీల గొడవ వద్దు, దండం పెడతా.

రాగిసంగటి
పార్టీల గొడవ వద్దంటే ఈ థ్రెడ్ రెండు పోస్టులకే సచ్చిపోతాది. ఇంతకీ ఐస్‌క్రీం ఏది? బటర్‌స్కాచ్ అయితే మామదే తప్పు.

గుత్తి_గణితం
అబద్ధం ఎవరిదీ కాదు బాబూ. ఇద్దరూ వేరే వేరే ప్రశ్నలకి జవాబు చెప్తాండారు, ప్రశ్న ఒకటే అనుకోని కొట్లాడినారు. 4.8 లక్షలంటే 2021 ఆఖరుకి రాష్ట్రాలన్నీ కోవిడ్ మరణం అని రాసి ఢిల్లీకి పంపినవి. అంటే ఆ మనిషి టెస్టు చేయించుకోవాల, పాజిటివ్ రావాల, పోయినప్పుడు డాక్టరు కారణం కోవిడ్ అని రాయాల, ఆ కాగితం జిల్లాకి పోవాల, జిల్లా నించి బులెటిన్‌కి ఎక్కాల. యాడ ఆగిపోయినా ఆ మనిషి లెక్కలో లేనట్టే.

47 లక్షలు అట్లొచ్చింది కాదు. మామూలు ఏండ్లలో ఎంతమంది పోతారు, 2020, 2021ల్లో దానికంటే ఎంతమంది ఎక్కువ పోయినారు అని డబ్ల్యూహెచ్‌ఓ వేసిన అంచనా, 2022 మేలో బయటపెట్టినారు. దాంట్లో కోవిడ్‌తో పోయినోళ్ళే కాదు, ఆ రోజుల్లో బెడ్డు దొరక్క గుండెపోటుతో పోయినోళ్ళు, డయాలసిస్ ఆగిపోయి పోయినోళ్ళు కూడా ఉంటారు. లాక్‌డౌన్‌లో రోడ్ల మీద బండ్లు లేక యాక్సిడెంట్లు తగ్గి బతికిపోయినోళ్ళని దాంట్లోనించి తీసేసినట్టు. ఇంకోటి, ఆ 47కి కిందా పైనా హద్దులు కూడా ఇచ్చినారు, 33 లక్షల నించి 65 లక్షల దాకా. టీవీలో ఆ హద్దులు చెప్పినోడ్ని ఒక్కడ్ని కూడా నేను చూళ్ళేదు. 47 అని ఒక్క అంకె ఉంటే డిబేటు పెట్టుకోవచ్చు, 33 నించి 65 అంటే ఎవురూ అరవలేరు.

పెన్నాగట్టు_పెద్దన్న
అంచనా అని నువ్వే అంటివి. మన ప్రభుత్వం అప్పుడే అడిగింది గదా, మా కాడ జనన మరణాల రిజిస్టరు ఉండగా మీరు మోడలు ఏసేదేంది అని. కరెక్టే అడిగింది. మా ఊర్లో ఎంతమంది పోయినారో జెనీవాలో డబ్ల్యూహెచ్‌ఓ ఆఫీసులో కూచున్నోడికి ఎట్ల తెలుస్తాది? కంప్యూటర్లో ఏదో ఒకటి ఏస్తే ఏదో ఒకటి వస్తాది.

గుత్తి_గణితం
సరే పెద్దన్నా, జెనీవా వద్దు, మన రిజిస్టరే చూద్దాం. సివిల్ రిజిస్ట్రేషన్‌లో 2019లో రాసిన చావులు దేశం మొత్తం 76.4 లక్షలు. 2020లో 81.2 లక్షలు. 2021లో 1 కోటి 2 లక్షలు. ఈ 2021 లెక్క బయటికి వచ్చేసరికి 2025 మే అయింది. ఒక్క ఏడాదిలో 21 లక్షలు ఎగిరింది, ఆ ఏడాది కోవిడ్ ఖాతాలో అధికారికంగా రాసింది 3.3 లక్షల చిల్లర. ఇది మోడలు కాదు, పంచాయతీల్లో, మున్సిపాలిటీల్లో మనోళ్ళే పెన్నుతో రాసింది.

పెన్నాగట్టు_పెద్దన్న
రాయించేవాళ్ళు కూడా పెరిగినారు, అది చెప్పవేంది? ముందు పల్లెల్లో చావు రాయించేది ఎవురు? ఇప్పుడు పింఛను మార్చాల, పాసుపుస్తకంలో పేరు మార్చాల, ఇన్సూరెన్సు కావాల, అన్నిటికీ సర్టిఫికెట్టు. పెరిగిందంతా తీసుకపోయి కోవిడ్ నెత్తిన పెడితే ఎట్లా.

గుత్తి_గణితం
అది కొంత నిజమే, ఏటా కొంచెం కొంచెం పెరుగుతానే వస్తాంది. కానీ 2019 నించి 2020కి పెరిగింది 5 లక్షల లోపు, ఆ తర్వాతి ఏడు 21 లక్షలు. ఒక్క ఏడాదిలోనే జనానికి అంత బుద్ధి పుట్టిందా రాయించాలని? అది కూడా ఆఫీసులన్నీ సగం మూతపడిన ఏడాది?

రాగిసంగటి
బుద్ధి పుట్టలేదన్నా, మా ఊర్లో అయితే సర్టిఫికెట్టు కోసం పోయినోడు సెక్రటరీకి కూడా కోవిడ్ అని తెలిసి వాకిట్లోనించే వెనక్కొచ్చినాడు.

చిత్రావతి_గట్టు
మా నాయన 2021 మేలో పోయినాడు. హిందూపురం సైడు పల్లె మాది. జ్వరం, దగ్గు, ఆయాసం. టెస్టు చేస్తే నెగటివ్ వచ్చింది, సీటీ స్కాన్ తీస్తే ఊపిరితిత్తులు చెడింది 25కి 18 అని వచ్చింది. అడ్మిట్ చేసింది కోవిడ్ వార్డులో, ఇచ్చింది కోవిడ్ మందులు, పోయినంక చుట్టింది ప్లాస్టిక్ సంచిలో, మమ్మల్ని దగ్గరికి రానియ్యలేదు, మా అన్న పీపీఈ కిట్టు ఏసుకోని దూరం నించి చూసినాడు. కాగితంలో మటుకు కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్ అని రాసినారు. గుండె ఆగింది, ఊపిరి ఆగింది అని. సచ్చిపోయినోడికి గుండె ఆగకుండా ఉంటాదా? ఆపొద్దు సాయంత్రం టీవీలో జిల్లాల వారీగా మరణాలు చదువుతాంటే మా యమ్మ అడిగింది, దాంట్లో మీ నాయన ఉండాడా అని.

లేడు. గుత్తి అన్న చెప్పిన మెట్లలో మాది టెస్టు కాడే ఆగిపోయింది. కాబట్టి ఆ 4.8 లక్షలు కరెక్టా అని నన్ను ఎవురూ అడగొద్దు.

బురుజుకాడ_బాబు
చదివి ఏం రాయాల్నో తెలీలేదు చిత్రావతి గారూ.

కడప_ల్యాబోడు
చిత్రావతి గారూ, నేను ఆ రెండేండ్లు ల్యాబ్‌లోనే ఉంటిని కాబట్టి చెప్తాండా. ఆర్‌టీపీసీఆర్ నెగటివ్ వచ్చినంత మాత్రాన లేనట్టు కాదు, నూటికి ముప్పై దాకా తప్పిపోతాయని అప్పట్లో డాక్టర్లే చెప్పేవాళ్ళు. స్వాబ్ సరిగా తీయకపోయినా, జ్వరమొచ్చి శానా రోజులయినంక తీసినా వైరస్ దొరకదు. అందుకే చావు కారణం రాసేదానికి రెండు కోడ్‌లు ఉండేవి, యూ07.1 అంటే టెస్టులో తేలింది, యూ07.2 అంటే టెస్టులో తేలలేదు గానీ లక్షణాలు, స్కాన్ చూస్తే అదే. రెండోదీ రాయాలని ఐసీఎంఆర్, అదే కేంద్ర వైద్య పరిశోధన మండలి, 2020లోనే చెప్పింది. గుండె ఆగింది, ఊపిరి ఆగింది అని రాయగూడదు, అది చావు జరిగిన తీరు, కారణం కాదు అని కూడా దాంట్లోనే ఉంది. రూలు ఉంది, రాత్రి మూడింటికి వార్డులో ఒక్కడే ఉన్న జూనియర్ డాక్టరుకి ఆ రూలు ఎవురు చెప్పినారో మరి.

సచివాలయం_సరోజ
కింది నించి లెక్క ఎట్ల పోతాదో చెప్పాల్నా? నేను ఏఎన్ఎం ని. ఇంటింటికి పోయి జ్వరాలు రాసుకొచ్చేది మేం, ఆశాలు, వలంటీర్లు. పొద్దున ఫోన్, ఈరోజు శాంపిళ్ళ టార్గెట్ ఇంత. సాయంత్రం ఫోన్, ఎందుకు తక్కువైనాయి. జనమేమో మమ్మల్ని చూస్తానే తలుపులేసుకుంటారు, ఎందుకంటే పాజిటివ్ వస్తే వీధికి బ్లీచింగు, కట్టెలతో బారికేడ్లు, సందులో అందరూ ఆ ఇంటోళ్ళని తిడతారు. ఒక ఇంట్లో తలుపు తీయకుండా లోపల్నించే అందరం బాగుండాం పో అన్నారు, దగ్గు మటుకు బయటికి వినపడతానే ఉంది. నేనేం రాయాల? బాగుండాం అని రాసుకొచ్చినా. మీరు టీవీలో చూసిన అంకెలో ఆ తలుపు కూడా ఉంది.

బనగానపల్లె_బేనిషా
ఈ ఒక్క పోస్టు చాలు, థ్రెడ్ పిన్ చేయండి ఎవురన్నా.

కల్లూరు_కామన్‌మ్యాన్
సరోజమ్మ చెప్పిన టార్గెట్ గురించి ఒక మాట. 2020 ఏప్రిల్, మే నెలల్లో రాష్ట్రంలో ఎక్కువ కేసులు మన కర్నూలులోనే, గుర్తుందా? రోజూ టీవీలో ఎర్రరంగు పూసిన మ్యాపు, కర్నూలు విలవిల, కర్నూలు కలకలం. మా తమ్ముడు బెంగళూరులో రూమ్ అడిగితే యాడోళ్ళు అని అడిగి, కర్నూలు అంటానే టులెట్ బోర్డు తిప్పేసినాడంట ఓనరు. మా వీధిలో ఉల్లిగడ్డల వ్యాపారి లారీ పంపిస్తే పక్క రాష్ట్రంలో దించుకోలేదు. టెస్టులు ఎక్కువ చేసిన చోట కేసులు ఎక్కువ కనపడతాయని అప్పుడు ఎవురూ చెప్పలే. అదే పదిరోజులకి, పది లక్షల మందికి ఎన్ని టెస్టులు అనే లెక్కలో దేశంలో మన రాష్ట్రమే ఫస్ట్ అని డప్పు కొట్టినారు. అంటే టెస్టుల అంకె మనకి మెడల్, ఆ టెస్టుల్లోనించి వచ్చిన కేసుల అంకె మాత్రం ఊరికి మచ్చ.

కడప_ల్యాబోడు
అందుకే పాజిటివిటీ చూడాలనేది. వంద శాంపిళ్ళకి ఎన్ని పాజిటివ్. అది రెండు వారాల పాటు 5 శాతం లోపు ఉంటే అప్పుడు తెరుచుకోవచ్చు అని డబ్ల్యూహెచ్‌ఓ 2020 మేలో చెప్పింది. ఒట్టి కేసుల అంకె చూస్తే, టెస్టులు ఆపేస్తే రోగం పోయినట్టే.

అనంత_నాగరాజు
మా పెదనాయన ఒకటుండె. సాయంత్రం బులెటిన్ రాంగానే "మళ్ళీ అనంతపురమే ఫస్ట్" అని నెత్తి కొట్టుకునేవాడు. రోజూ అదే. ఒకరోజు ఫోన్ తీసుకోని చూస్తే ఏముంది, జిల్లాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల వరసలో ఉన్నాయి. ఏ తో మొదలయ్యేది మనదే. అంకె చూడకుండా వరస చూసి ఏడాది పొడుగునా ఏడ్చినాడు.

రాగిసంగటి
😂😂 పశ్చిమ గోదావరోళ్ళు ఎంత అదృష్టవంతులు, ఎప్పుడూ లాస్టే.

పెరుగన్నం_ప్రొద్దుటూరు
నవ్వులాటకి కాదు గానీ వరస సంగతి పక్కన పెట్టినా జిల్లాకి జిల్లాకి పోల్చేది కూడా తప్పే కదా. 2011 లెక్కల్లో అనంతపురం జనం 40.8 లక్షలు, కర్నూలు 40.5 లక్షలు, మా కడప 28.8 లక్షలు. కర్నూలులో వెయ్యి కేసులు, కడపలో వెయ్యి కేసులు వచ్చినాయనుకో, లక్ష మందికి లెక్కేస్తే కర్నూలులో 25, కడపలో 35 దగ్గర పడతాది. పేపరోడు మాత్రం రెండు జిల్లాల్లో సమానం అని ఏస్తాడు. ఇక మామ గారి "ప్రపంచంలో మనమే మేలు" సంగతి, అది కూడా లక్షకి ఎంత అని లెక్కేసి చెప్పిందే. కానీ పైన అంకె సగం రాసి, కింద జనాభా మొత్తం పెడితే ఏ దేశమైనా మేలుగానే కనపడతాది.

నంద్యాల_నాగు
జిల్లాలు అంటే గుర్తొచ్చింది. 2022 ఏప్రిల్ 4 నించి మేం కర్నూలు కాదు, వేరే జిల్లా. మొన్న ఎవడో యూట్యూబ్‌లో పాత కర్నూలు కేసులు, కొత్త కర్నూలు కేసులు పక్కపక్కన పెట్టి "కర్నూలులో సగానికి తగ్గిన వ్యాధులు" అని వీడియో చేసినాడు. తగ్గలేదు నాయనా, సగం మంది నంద్యాలకి పోయినారు, రోగాలతో సహా.

కల్లూరు_కామన్‌మ్యాన్
😀 పుట్టపర్తోళ్ళు, రాయచోటోళ్ళు కూడా చేతులెత్తండి.

ఆదోని_పత్తి
మీరంతా పై అంకెలు మాట్లాడతాండారు, ఇండ్లలో తిరిగిన అంకెలు మర్చిపోయినారా. 2021 ఏప్రిల్, మేలో ఎవురు ఫోన్ చేసినా మొదటి మాట "స్కోరెంత". సీటీ స్కోరు 25కి ఎంత, కోరాడ్స్ ఎంత, డీడైమర్ ఎంత, సీఆర్‌పీ ఎంత, సాచురేషన్ ఎంత, అన్నీ స్కాన్, రక్తం, ఆక్సిజన్ అంకెలే. పదో తరగతి తప్పినోడు కూడా ఫెరిటిన్ గురించి మాట్లాడినాడు. మా బావకి 25కి 8 వచ్చింది, మా యత్త ఊరంతా ఫోన్ చేసి ఎనిమిదే, ఎనిమిదే అని చెప్పుకుంది, పక్కింటాయనకి 14 అని తెలిసి ఆమె మొగంలో ఒక రకమైన సంతోషం. పరీక్ష ఫలితాలు వచ్చినట్టుండె.

కడప_ల్యాబోడు
సీటీ వాల్యూ అని ఇంకోటి ఉండె, స్కానుకి సంబంధం లేదు, పీసీఆర్ మిషన్ ఎన్ని సైకిళ్ళకి వైరస్‌ని పట్టిందనేది. అది తక్కువుంటే వైరస్ ఎక్కువ. 35 దాకా పాజిటివ్ అని ఐసీఎంఆర్ గీత. 2021లో మహారాష్ట్ర దాన్ని 24కి దించొచ్చా అని అడిగితే ఐసీఎంఆర్ వద్దనింది, దించితే శానామంది రోగులు తప్పిపోతారని. ఆలోచించండి, ఎవురికీ రోగం తగ్గకుండానే, ఒక్క గీత జరిపితే కేసులు తగ్గిపోయేవి. జనమేమో స్కాను సీటీ, మిషను సీటీ రెండూ కలిపేసి "నాకు సీటీ 22 వచ్చింది, చనిపోతానా" అని ఏడుస్తా ల్యాబ్‌కి ఫోన్ చేసేవాళ్ళు. ఎన్నిసార్లు విడమరిచి చెప్పినా, "అదంతా సరే, 22 మంచిదా చెడ్డదా" అనేవాళ్ళు.

సోమశిల_సోము
ఆ స్కాన్ల మీద కూడా ఒక అంకెల యుద్ధం జరిగింది. 2021 మే మొదట్లో ఎయిమ్స్ డైరెక్టర్ గులేరియా, ఒక్క సీటీ తీస్తే 300 నించి 400 ఎక్స్‌రేలు తీసినట్టు, ఊరికే తీయించుకోవద్దు అన్నాడు. వెంటనే రేడియాలజిస్టుల సంఘం, అది పాతకాలం మిషన్ల మాట, ఇప్పటి మిషన్లతో 5, 10 ఎక్స్‌రేలంతే అనింది. ఇద్దరూ డాక్టర్లే. నలభై ఇంతలు తేడా. మా ఆవిడ అప్పుడు దగ్గుతా స్కాన్ సెంటర్ బయట క్యూలో ఉంది, నేను ఫోన్‌లో ఈ వార్త చూస్తాండా. పొమ్మనాల్నా, ఇంటికి రమ్మనాల్నా?

ఆదోని_పత్తి
ఏం చేసినావు మరి?

సోమశిల_సోము
ఏం చేస్తాం, డబ్బులు కట్టేసినాం కదా, తీయించినాం. స్కోరు 4.

గోరింటాకు
మా అత్తమ్మ ఆక్సీమీటర్ వేలికి తగిలించుకుని సీరియల్ చూసేది. 97 ఉంటే సీరియల్ చూసేది, 96 అయితే దేవుడి గదిలోకి పోయేది. ఒకరోజు 88 చూపించింది, ఇల్లంతా గోల, ఆంబులెన్సుకి ఫోన్ కూడా చేశారు మా మరిది. తీరా చూస్తే ముందు రోజు పెట్టుకున్న గోరింటాకు 🙈 వేలు మారిస్తే 98. అప్పట్నించే నా ఐడీ ఇది. కానీ ఒకటి, 94 కంటే తగ్గితే ఆసుపత్రికి పోవాలనే ఆ గీత వల్ల మా వీధిలో ఒకాయన టైముకి ఆసుపత్రికి పోయి బతికాడు, కాబట్టి ఆ చిన్న మిషన్‌ని తిట్టను.

పెన్నాగట్టు_పెద్దన్న
ఇదే నేను చెప్పేది. అంకెలు లేకపోతే ఇంకా ఘోరం. అంకెల్ని ఎగతాళి చేసేది సులువు. అంకె లేకపోతే ఆక్సిజన్ ట్యాంకరు యాడికి పంపాల్నో ఎట్ల తెలుస్తాది? 2021 మేలో మన రాష్ట్రంలో రోజుకి 24 వేల కేసులు దాటినాయి, ఆ అంకె లేకుంటే బెడ్లు పెంచేవాళ్ళా? తప్పో ఒప్పో ఒకటి చేతిలో ఉండాల.

గుత్తి_గణితం
దీనికి నా ఓటు పెద్దన్నకే.

రాగిసంగటి
స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకున్నా, గుత్తి అన్న పెద్దన్నకి ఓటేసినాడు. ఎలక్షన్ కమిషన్‌కి పంపిస్తా.

వేరుశనక్కాయ
నా డౌటు వేరే. అప్పుడు రోజూ "రికవరీ రేటు 97 శాతం, 98 శాతం" అని చెప్పేవాళ్ళు కదా, అది మంచి వార్తే కదా? దాన్ని కూడా తప్పంటారా మీరు

గుత్తి_గణితం
తప్పని కాదు, దాంట్లో వార్త లేదు. రోగం వచ్చినోడు రెండు మూడు వారాల్లో అయితే కోలుకుంటాడు, లేకపోతే పోతాడు, మధ్యలో ఉండేవాళ్ళు యాక్టివ్ కేసులు. ఉధృతి తగ్గేకొద్దీ యాక్టివ్ కేసులు కరిగిపోయి రికవరీ రేటు దానంతట అదే పైకి పోతాది, ఎవురూ ఏమీ చేయకపోయినా. మొదటి నించి ఉన్న కేసులన్నీ దాంట్లో కలిపి లెక్కేస్తారు కాబట్టి ఈ వారం ఆసుపత్రిలో ఏమవుతాందో అది చెప్పదు. 2021 ఫిబ్రవరిలో దేశంలో రికవరీ రేటు 97 దాటి ఉండె. రెండు నెలలకి ఏమైందో తెలుసు కదా.

సోమశిల_సోము
రోజువారీ మరణాల్లో కూడా అట్లాంటి మెలికే ఉంది. 2021 జూన్ 10న దేశంలో ఒక్కరోజులో 6,148 మరణాలు అని వచ్చింది, రికార్డు. నిజానికి అప్పటికి ఉధృతి తగ్గుతాంది. బీహార్ అంతకుముందు రోజు పాత మరణాలు మళ్ళీ లెక్క చూసి 5,400 చిల్లర ఉన్నదాన్ని 9,400 దాటించింది, ఆ నాలుగు వేలు ఒక్కరోజు ఖాతాలో పడినాయి. ఆ రోజు టీవీ చూసి మా నాయన బయటికి పోవద్దని గొళ్ళెం పెట్టినాడు.

సగం_డాక్టరు_సగం_రైతు
వ్యాక్సిన్ శాతాల గురించి ఎవురూ ఎత్తలేదేంది. కొవాగ్జిన్ 77.8 శాతం అంటే వందమందికి ఏస్తే 22 మందికి రోగమొస్తాది అని మా ఊర్లో చదువుకున్నోళ్ళు కూడా అనుకున్యారు. అట్లా కాదు. ట్రయల్‌లో దాదాపు 25,800 మంది, సగం మందికి టీకా, సగం మందికి ఉత్త సూది. లక్షణాలతో కోవిడ్ వచ్చినోళ్ళు మొత్తం 130, దాంట్లో ఉత్త సూదోళ్ళు 106, టీకావాళ్ళు 24. ఆ 106కీ 24కీ తేడానే 77.8. వేలమందిలో 24 మందికి వచ్చిందంటే నూటికి 22 యాడ, అది యాడ.

రెండోది ఇంకా డేంజరు. "ఆసుపత్రిలో చేరినోళ్ళలో ఎక్కువమంది రెండు డోసులు ఏసుకున్నోళ్ళే" అని వాట్సాప్‌లో తిరిగింది. ఊరికే అనుకోండి, ఊర్లో వెయ్యి మంది, 900 మంది ఏసుకున్యారు, వందమంది ఏసుకోలేదు. ఏసుకోనోళ్ళలో నూటికి పదిమంది చేరితే పదిమంది. ఏసుకున్నోళ్ళలో నూటికి ఇద్దరు చేరితే పద్దెనిమిది మంది. వార్డులో 28 మంది, దాంట్లో 18 మంది ఏసుకున్నోళ్ళు. వార్డు చూసినోడు టీకా దండగ అంటాడు. ఊరు చూసినోడు టీకాతో అయిదింతలు మేలు అంటాడు. వార్డులో తలలు లెక్కపెట్టినోడు తప్పు లెక్కపెట్టలేదు.

వేరుశనక్కాయ
ఇది మా పిన్నికి పంపిస్తా. ఆమె ఈ లెక్క చూసి కృష్ణపట్నం ఆనందయ్య నాటుమందే మేలు అంటాదేమో కానీ

దత్తమండలం_మేష్టారు
ఇదంతా కొత్తదేమీ కాదు, మన సీమలో ఇంతకంటే పెద్ద లెక్కల గొడవ జరిగింది. 1876 నించి 78 దాకా ధాత కరువు. 1877లో కలకత్తా సర్కారు రిచర్డ్ టెంపుల్ అనే దొరని ఖర్చు తగ్గించమని మద్రాసు పంపింది. ఆయన కరువు పనుల్లో మట్టి మోసే మనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర చాలన్నాడు. ఒక పౌను అంటే 450 గ్రాములు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అనే ఇంకో దొర, డాక్టరు, ఇంతమాత్రం తిని ఎండలో రాళ్ళు కొట్టేవాడు బతకడు అని కాగితాల మీద కాగితాలు రాసి పోట్లాడినాడు. కొన్ని నెలలకి కూలి పెంచక తప్పలేదు. ఈలోగా క్యాంపుల్లో పోయినోళ్ళని కలరా ఖాతాలోనో విరేచనాల ఖాతాలోనో రాసినారు, ఆకలి అనే గడిలో రాసింది శానా తక్కువ.

మరి ఎంతమంది పోయినారో ఎట్ల తెలిసింది? 1871లో జనాభా లెక్కలు తీసినారు, మళ్ళీ 1881లో తీసినారు. కర్నూలు జిల్లాలో జనం దాదాపు నాలుగో వంతు తగ్గిపోయినారు. వలస పోయినోళ్ళు కూడా ఉంటారు దాంట్లో, కాదనను. గుత్తి వారు పైన చెప్పిన పద్ధతీ ఇదే కదా, ఉండాల్సినోళ్ళు ఎంత, ఉన్నోళ్ళు ఎంత. చిత్రావతి అమ్మాయి వాళ్ళ నాయన కాగితం చదవంగానే నాకు ఆ కలరా గడి గుర్తొచ్చింది.

పెన్నాగట్టు_పెద్దన్న
మేష్టారూ, బ్రిటిషోడికీ మన డాక్టర్లకీ ముడి పెట్టడం అన్యాయం. వాడు కావాలని చేసినాడు, వీళ్ళు పని ఒత్తిడిలో రాసినారు.

దత్తమండలం_మేష్టారు
ఉద్దేశం వేరే, ఒప్పుకుంటా పెద్దన్నా. గడి మాత్రం ఒకటే.

చిత్రావతి_గట్టు
కోవిడ్‌తో పోయినోళ్ళ ఇండ్లకి ఇచ్చిన 50 వేలు పరిహారం మాకు రాలేదు, నెగటివ్ రిపోర్టు చూపిచ్చి వెనక్కి పంపినారు. మా అన్న రెండోసారి పోలేదు.

సచివాలయం_సరోజ
అమ్మా, సుప్రీంకోర్టు 2021లో చెప్పినంక పెట్టిన రూల్సులో, కాగితంలో కోవిడ్ అని రాయకపోతే జిల్లాలో కమిటీ ఉండె, దానికి అర్జీ పెట్టుకోవచ్చని ఉండె, సీటీ రిపోర్టు, కేసుషీటు పెట్టి. పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లోపు పోతే యాడ పోయినా లెక్కలోకి తీసుకోవాలని కూడా ఉండె. శానామందికి ఆ కమిటీ ఉందని కూడా తెలీదు. 2022 జనవరిలో సుప్రీంకోర్టులో చెప్పిన లెక్క ప్రకారం మన రాష్ట్రంలో అధికారిక మరణాలు 14 వేల చిల్లర, పరిహారానికి అర్జీలు 36 వేల పైన. మన చీఫ్ సెక్రటరీని, బీహార్ చీఫ్ సెక్రటరీని కోర్టు పిలిపిచ్చి అడిగింది ఎందుకు ఆలస్యం అని.

బురుజుకాడ_బాబు
ఆగండాగండి. చచ్చిపోయినోళ్ళు 14 వేలు, డబ్బులడిగినోళ్ళు 36 వేలా?

పెన్నాగట్టు_పెద్దన్న
డబ్బులిస్తామంటే అర్జీ పెట్టేవాళ్ళు పెడతారు. దొంగ అర్జీలు ఉన్నాయనే కోర్టే విచారణ చేయించుకోమని చెప్పింది తర్వాత.

సచివాలయం_సరోజ
దొంగవి ఉండొచ్చు అన్నా. మా సచివాలయంలో పెట్టిన అర్జీల్లో నాకు తెలీని ఇల్లు ఒక్కటీ లేదు.

కడప_ల్యాబోడు
చిత్రావతి గారూ ఇంకోటి, పంచాయతీ ఇచ్చే డెత్ సర్టిఫికెట్‌లో కారణం ఉండదు, 1969 చట్టంలోనే రాయగూడదని ఉండె. కారణం ఉండేది డాక్టరు ఇచ్చే ఫారం 4లో. మీ అన్నని ఆసుపత్రిలో ఆ ఫారం నకలు, కేసుషీటు అడగమనండి. ఇప్పుడు డబ్బు సంగతి ఏమవుతాదో నేను చెప్పలేను గానీ కాగితం మీ కాడ ఉంటే మంచిది. దేశంలో 2020లో రాసిన చావుల్లో డాక్టరు కారణం రాసినవి నూటికి 22.5 మాత్రమే, మిగతావాళ్ళు దేనితో పోయినారో కాగితం మీద లేదు.

చిత్రావతి_గట్టు
అడుగుతాం. థాంక్స్ అన్నా.

రాగిసంగటి
ఇంతకీ బాబూ, మీ మామకి ఏం చెప్తావు?

బురుజుకాడ_బాబు
మామ నా నంబర్ బ్లాక్ చేసినాడు, చిన్నాయన వైపు అనుకోని.

డోన్_లక్ష్మి
సబ్జెక్టు మారుస్తున్నందుకు ఏమనుకోవద్దు, ల్యాబ్ అన్న ఉండాడు కాబట్టి అడుగుతాండా. మా పాపకి నాలుగు రోజుల నించి జ్వరం, ప్రైవేటులో కార్డు టెస్టు చేసి డెంగీ అన్నారు. మా ఏరియాలో డెంగీ కేసులు లేనే లేవని పేపర్లో వచ్చింది మొన్న. ప్లేట్‌లెట్స్ 82 వేలు. పక్కింటామె లక్ష లోపు అంటే ఎక్కించాల్సిందే అంటాంది, బొప్పాయి ఆకు రసం తాపమంటాంది.

కడప_ల్యాబోడు
పేపర్లో వచ్చేది ఎలీజా అని ల్యాబ్‌లో చేసే రక్తపరీక్షలో తేలినవి మాత్రమే అమ్మా, ప్రైవేటు కార్డు టెస్టులు ఆ లెక్కలోకి రావు. అందుకే లేవని రాస్తారు. ప్లేట్‌లెట్లు, రక్తం కారకుండా ఉంటే 10 వేల లోపుకి పడితే గానీ ఎక్కించాలని గైడ్‌లైన్లు చెప్పవు, 82కి భయపడొద్దు. కానీ ఆ ఒక్క అంకె పట్టుకోని కూచోవద్దు. పీసీవీ, అంటే రక్తం చిక్కదనం, పెరుగుతాందా అని డాక్టర్ని అడగండి. జ్వరం తగ్గినంకనే జాగ్రత్తగా చూడాల. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలో రక్తం, మూత్రం తగ్గడం, పాప మత్తుగా పడుండడం, వీటిలో ఏ ఒక్కటున్నా రిపోర్టు కోసం ఆగొద్దు. పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు ఇయ్యొద్దు. మూత్రం పోస్తాందా సరిగా?

డోన్_లక్ష్మి
పొద్దున ఒకసారి పోసింది, ఇంతవరకు లేదు. కడుపునొప్పి అంటాంది రాత్రి నించి.

కడప_ల్యాబోడు
ఇక్కడ టైపు చేసేది ఆపి ఇప్పుడే తీసుకపోండి. పెద్దాసుపత్రికైనా సరే.

సచివాలయం_సరోజ
108కి చెయ్యండి, డోన్ నించి కర్నూలు గంట కూడా పట్టదు. దోవలో ఓఆర్ఎస్ కొంచెం కొంచెం తాపండి.

డోన్_లక్ష్మి
మా ఆయన కారు తెస్తాండాడు, బయల్దేరతాండాం.